సదస్సునకు వ్రాయు పేపరు

“పేపరు” అను మాటకు మన యిండ్లలో మూడర్థములు కలవు. ఉదయమున గుమ్మము ముందు పడు వార్తాపత్రిక యొకటి. పరీక్షలో నిచ్చు ప్రశ్నపత్రము రెండవది. ఇంజనీరింగులో పైచదువులు చదువు పిల్లలు “పేపరు వ్రాయుచున్నాము, పేపరు పంపితిమి, పేపరు తిరిగి వచ్చినది” అని చెప్పుకొనునది మూడవది. మొదటి రెంటిని మన మెరుగుదుము. మూడవదానిని గూర్చి మాత్రము చాల యిండ్లలో నెవరును విచారింపరు. పిల్ల రాత్రి రెండు గంటల వరకు దీపము వేసికొని కూర్చున్నచో తల్లి విసుగుకొనును. కోడలు సెలవు దినమున కళాశాలకు పోయినచో అత్తగారు కారణ మడుగును. “ఆరు పుటలు వ్రాయుటకు ఆరు నెలలా?” అని తండ్రి నవ్వును. ఆ ఆరు పుటలలో నేమున్నదో, వానికి ఆరు నెలలేల పట్టునో, ఆ దారిలో మోసపోవుట కెన్ని తావులున్నవో గృహిణులు తెలిసికొనుట మేలని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ పని కన్నులారా చూడగోరువారు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు పోవలెను. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున 1918లో ఈ విద్యాపీఠము వెలసినది. ఇందలి ఇంజనీరింగు కళాశాల 1929లో తాత్కాలికపు కట్టడములలో నారంభమై, 1947లో ఇప్పటి స్వంత భవనమునకు మారినది. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల రాతిభవనమును చూచుటకే జనులు వత్తురు. కాని ఇంజనీరింగు ప్రయోగశాలలలో ధూళి కొట్టుకొనిన దుస్తులతో పనిచేయు మన యాడుపిల్లలను చూచుటకు వచ్చువారు తక్కువ. ప్రాంగణము ప్రక్కనే తార్నాక. తార్ అనగా తీగ, నాకా అనగా కాపలా చోటు; ఈ రెండు మాటలును కలిసి యా పేరు వచ్చినదని చెప్పుదురు. ఇప్పుడది శాస్త్రజ్ఞుల పేట. జాతీయ పోషకాహార సంస్థయు, భారతీయ రసాయన సాంకేతిక సంస్థయు అచ్చటనే యున్నవి. హబ్సిగూడ వైపు కొంచెము సాగినచో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కనబడును. 2017 నవంబరులో మెట్రో రైలు కూడ వచ్చినది. ఊళ్ల నుండి వచ్చిన పిల్లలు కొందరు ప్రాంగణములోని వసతిగృహములలోను, కొందరు తార్నాక సందులలో అద్దెగదులలోను ఉండి చదువుకొనుచున్నారు. వారిలో పరిశోధన చేయువారి నోట తరచు వినబడు మాట యీ పేపరే.

సదస్సనగా నేమి? ఒక శాస్త్రమున పనిచేయువారందరును ఒకచోట చేరి, ఎవరికి వారు క్రొత్తగ కనుగొన్నది చెప్పి, అడిగిన ప్రశ్నలకు నిలిచి సమాధానము చెప్పు సభ. ఇది మనకు క్రొత్త గాదు. బృహదారణ్యకోపనిషత్తులో జనకుని సభయందు గార్గి లేచి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించినది. ప్రౌఢదేవరాయల యాస్థానమున శ్రీనాథుడు గౌడ డిండిమభట్టుతో వాదించి గెలిచెనని మనము చిన్ననాటి నుండి వినుచున్నాము. సభలో నొకమాట అన్నచో దానిని నిలువబెట్టుకొనవలెను; నిలువనిచో విడువవలెను. నేటి ఇంజనీరింగు సదస్సునకును మూలధర్మ మిదియే. వాదమునకు బదులుగ కొలతలును, శ్లోకములకు బదులుగ పట్టికలును వచ్చినవి. అంతియే భేదము.

ఇక పేపరు ఎట్లు పుట్టునో చూతము. రామగుండము వంటి చోట్ల విద్యుత్తు కొరకు బొగ్గు మండింపగా మెత్తని బూడిద మిగులును. కాంక్రీటులో సిమెంటునకు బదులుగ దీనిని కొంత కలుపవచ్చును. సిమెంటు తయారుచేయుటలో బొగ్గుపులుసు గాలి మిక్కుటముగ వెలువడును. లోకమున మనుష్యుల పనుల వలన పుట్టు ఆ గాలిలో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటు వలననే. కావున బూడిద కలుపుట ఖర్చునకును గాలికిని మంచిది. బజారులో దొరకు పోజొలానా సిమెంటులో నూటికి 15 మొదలు 35 పాళ్ల వరకు ఈ బూడిద కలుపుటకు భారత ప్రమాణము అనుమతించుచున్నది. అంతకు మించి కలిపినచో కట్టడము నిలుచునా? ఎంతవరకు కలుపవచ్చును? ఇట్టి ప్రశ్న నొకదానిని పట్టుకొని సివిలు శాఖలోని యొక విద్యార్థిని పని మొదలుపెట్టినదనుకొందము.

మొట్టమొదట ఆమె చేయవలసినది చదువుట. ఈ ప్రశ్నను ఇదివర కెవరడిగిరి, ఏమి కనుగొనిరి, ఎచ్చట నాపివేసిరి అను సంగతులు తెలియక వ్రాసినది పేపరు కాదు. మన శాస్త్రములలో పూర్వపక్షము చెప్పిన పిమ్మటనే సిద్ధాంతము చెప్పుదురు గదా! ఇక్కడను అట్లే. ముప్పది నలుబది వ్యాసములు చదివిన పిమ్మట, “ఇంతవరకు తెలిసినది, ఇది తెలియలేదు” అని రెండు వాక్యములు ధైర్యముగ వ్రాయగలిగినచో సగము పని యైనట్లే. ఆ రెండు వాక్యములకే ఒక్కొక్కప్పుడు రెండు నెలలు పట్టును. ఇంటివారికి ఈ కాలమంతయు పిల్ల ఊరక కూర్చున్నట్లే కనబడును.

తరువాత ప్రయోగము. బూడిద పాళ్లు మార్చి మార్చి కాంక్రీటు కలిపి, ఇనుప అచ్చులలో పోయుదురు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును 150 మిల్లీమీటర్లుగ నుండు ఆ దిమ్మను ప్రయోగశాలవారు క్యూబు అందురు. మరునాడు అచ్చు విప్పి, దిమ్మను నీటితొట్టిలో నుంచుదురు. 7వ దినమున కొన్నిటిని, 28వ దినమున కొన్నిటిని యంత్రము క్రింద బెట్టి పగులువరకు నొక్కి, ఎంత బరువునకు పగిలెనో వ్రాసికొందురు. బూడిద కలిపిన కాంక్రీటు మెల్లగ బలపడును గాన 56వ దినమునను, 90వ దినమునను కూడ పరీక్షింపవలసివచ్చును. జాడీలోని యావకాయ ఊరువరకు మూత ముట్టకుండునట్లే ఇచ్చటను తొందరపడుటకు వీలులేదు. ఆరు పుటలకు ఆరు నెలలేల యని యడిగినవారికి సమాధానము ఆ నీటితొట్టిలో నున్నది.

పాఠికలు శ్రద్ధగ గమనింపవలసిన ఘట్ట మిచ్చటనే వచ్చును. ఒక మిశ్రమమునకు ఒక దిమ్మ చాలదు, మూడు కావలెను. ఆ మూటి సగటునే బలముగ గ్రహింతురు. అయితే 2000 సంవత్సరపు భారత ప్రమాణము 456లో ఒక నిబంధన కలదు. మూటిలో నే దిమ్మ బలమైనను సగటునుండి నూటికి 15 పాళ్ల కంటె ఎక్కువగ నెక్కుడు గాని తక్కువ గాని కారాదు. అయినచో ఆ మూడు దిమ్మల ఫలితమును చెల్లదు.

మన పిల్ల 28 దినములు కాచుకొని మూడు దిమ్మలు పగులగొట్టినది. చదరపు మిల్లీమీటరునకు 30, 31, 38 న్యూటనులు వచ్చినవి. మొత్తము 99, సగటు 33. ముప్పదిమూటికి నూటికి 15 పాళ్లనగా 4.95. మూడవ దిమ్మ సగటు కంటె 5 ఎక్కువ. చెల్లదు! మరల కలిపి, మరల పోసి, మరల 28 దినములు కాచుకొనవలెను. సదస్సునకు పేపరు పంపు గడువు పదునైదు దినములలో నున్నది.

అప్పుడు కాగితముపైని 38ని 37గ దిద్దినచో నేమగును? మొత్తము 98; సగటు 32.67, అందు నూటికి 15 పాళ్లు 4.9. మూడవ దిమ్మ భేదము 4.33. చెల్లును! ఒక్క అంకె మార్చినచో ఇరువదియెనిమిది దినములు కలిసివచ్చును. చూచినవారు లేరు. దిమ్మ పగిలిపోయినది గావున దానిని మరల నొక్కి చూచుటయును పొసగదు.

పేపరు వ్రాయుటయం దసలు పరీక్ష ఇదియే. అక్షరములు కూర్చుట తరువాతి మాట. ఆ రాత్రి ఆ పిల్ల 38ని 38గనే యుంచి, గడువు దాటిపోయినను సరే యని మరల సిమెంటు జల్లించుకొనిన దినమున ఆమె యింజనీరైనట్లు మేము తలంతుము. ఏలయన, ఆ పట్టికను నమ్మి యెవరో యొకనాడు ఇల్లు కట్టుదురు. ఆ యింటి కప్పుక్రింద ఉయ్యాలలో నొక బిడ్డ నిద్రించును.

ఇక వ్రాతపని. సంగ్రహము, పీఠిక, పూర్వుల పని, ప్రయోగము చేసిన విధము, ఫలితములు, వాని విచారణ, ముగింపు — ఇది వరుస. సంగ్రహము సాధారణముగ 150 మొదలు 250 మాటలలో నుండవలెను. చాలమంది చదువునది అదియే. ప్రయోగవిధమును మరియొకరు చదివి అట్లే చేయగలుగునట్లు వ్రాయవలెను. వంట చెప్పునపుడు “తగినంత ఉప్పు” అన్న సరిపోవును, ఇచ్చట సరిపోదు. ఎంత నీరు, ఏ యిసుక, ఎన్ని గంటలు అని స్పష్టముగ చెప్పవలెను.

వ్రాయవలసినది ఆంగ్లమున గాన తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన పిల్లలకు ఇది పెద్ద కొండ. ఉస్మానియా విశ్వవిద్యాలయమే మొదట ఉర్దూలో బోధించినది. శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకై 1917లోనే భాషాంతరీకరణశాఖ నొకదానిని స్థాపించిరి. 1948 తరువాత ఆంగ్లము బోధనభాష యైనది. తెలివితేటలు భాషలో నున్నవను భ్రమ పిల్లలకు వలదు. మేమెరిగిన పరిశోధక విద్యార్థిని యొకతె తాను చెప్పవలసినదానిని మొదట తెలుగున తన తల్లికి వ్రాయు ఉత్తరమువలె వ్రాసికొని, పిమ్మట ఆంగ్లమున పెట్టును. ఆమె వాక్యములు చిన్నవి, అర్థము తేటగ నుండును. ఎరువు తెచ్చిన పెద్దమాటల కంటె అది వేయిరెట్లు మేలు.

ఎరువుమాట వచ్చినది గాన చౌర్యమును గూర్చియు చెప్పవలెను. పరుల వాక్యములు తనవిగ వ్రాసికొనుటను అరికట్టుటకు విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము 2018లో నిబంధనలు చేసినది. వ్రాసినదానిని కంప్యూటరు ఇతర గ్రంథములతో పోల్చి, ఎంత సామ్యమున్నదో చెప్పును. నూటికి 10 పాళ్ల వరకు శిక్ష లేదు. సిద్ధాంతగ్రంథము విషయమున 10 మొదలు 40 వరకైనచో సవరించి మరల సమర్పింపవలెను. 40 దాటి 60 వరకైనచో ఒక సంవత్సరము సమర్పింపరాదు. 60 దాటినచో ఆ పరిశోధనకు చేసికొన్న నమోదే రద్దగును. ఈ మధ్య కృత్రిమమేధ యంత్రములు అడిగినంతలో పుటలకు పుటలు వ్రాసి యిచ్చుచున్నవి. వానిచే వ్రాయించిన భాగమున్నచో ఆ సంగతి కృతజ్ఞతల భాగమున వెల్లడింపవలెనని ఐ.ఇ.ఇ.ఇ. వంటి సంస్థలు నియమము పెట్టినవి.

ఈ యంత్రములన్నియు మాటల దొంగతనమును కొంత పట్టగలవు. కాని ముప్పదియెనిమిదిని ముప్పదియేడుగ దిద్దినదానిని ఏ సామ్యయంత్రమును పట్టలేదు. ఆ పట్టికలో సామ్యము సున్న! ఆ తప్పును ఆపగలిగినవి రెండే. ఒకటి వ్రాసినవారి మనస్సాక్షి. రెండవది, మరియొకచోట మరియొకరు ఆ విధముననే దిమ్మలు పోసి చూచుట.

పంపిన పేపరును ఇద్దరు ముగ్గురు సమీక్షకులు చదువుదురు. పెక్కు సదస్సులలో వ్రాసినవారి పేరు వారికి తెలియనీయరు; వారి పేరు వ్రాసినవారికి తెలియదు. వ్రాసినది ఆడుదియో మగవాడో, పేరుపడిన కళాశాలయో మారుమూలదియో తెలియక చదువుట వలన మన పిల్లలకు న్యాయము జరుగు నవకాశము పెరిగినది. కొన్ని వారములకు ఉత్తరము వచ్చును. “మీ పట్టిక మూడు సరిగా లేదు, మీరు ఫలానావారి పనిని చూడలేదు, బూడిద ఎచ్చటిదో చెప్పలేదు” అని యందుండును. ఆ దినమున పిల్ల అన్నము సరిగ తినదు. కాని తప్పు చూపినవాడు శత్రువు కాడు. సభలో నలుగురిముందు బయటపడవలసినదానిని ముందుగనే గదిలో చెప్పినవాడు. ప్రతి యాక్షేపణకును వినయముగ సమాధానము వ్రాసి, సవరింపదగినది సవరించి, సవరింపరానిదానికి కారణము చెప్పి మరల పంపవలెను.

సదస్సులన్నియు సదస్సులు కావు. పేపరు పంపుటయే తడవుగ “అంగీకరించితిమి, రుసుము కట్టుడు” అని జాబు వచ్చినచో జాగ్రత్తపడవలెను. 2005లో అమెరికాలోని మాసచూసెట్సు సాంకేతిక విద్యాలయపు విద్యార్థులు ముగ్గురు, అర్థము లేని వాక్యములను కూర్చు కంప్యూటరు కార్యక్రమ మొకటి చేసి, అది వ్రాసిన వ్యాసము నొక సదస్సునకు పంపిరి. వారు దానిని సమీక్షింపకయే యంగీకరించిరి! దూరపు మాట యేల? హైదరాబాదు కేంద్రముగ పత్రికలును సదస్సులును నడపిన ఒమిక్స్ అను సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2016లో వ్యాజ్యము వేసినది. వ్యాసములను నిజముగ సమీక్షించుచున్నామని అబద్ధము చెప్పుట, రుసుము సంగతి ముందు చెప్పకుండుట, రామన్న పండితుల పేర్లను సదస్సు ప్రకటనలలో వేయుట — ఇవి అభియోగములు. 2019లో న్యాయస్థానము ఆ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలెనని తీర్పు చెప్పినది.

గృహిణి యింజనీరు కానక్కరలేదు, మూడు ప్రశ్నలడిగిన చాలును. ఈ పేపరు నెవరు చదివి ఏమి దిద్దిరి? ఈ సభ ఇంతకుముందు జరిగినదా, అప్పటి వ్యాసములు చదువుటకు దొరకునా? రుసుము ఎంతో ముందుగనే చెప్పిరా? మూటికిని సరియైన సమాధానము రానిచో, బంగారము తాకట్టు పెట్టి రుసుము కట్టవలసిన పని లేదు.

ఇట్టి సభలు ఆడువారి కేలయని యడుగువారికి అయ్యలసోమయాజుల లలితగారి చరిత్ర చెప్పుదుము. 1919లో పుట్టిన ఈ తెలుగు బిడ్డ పదునెనిమిదేండ్లకే, చేతిలో నాలుగు నెలల పసికందుతో భర్తను పోగొట్టుకొనినది. తండ్రి పప్పు సుబ్బారావుగారు మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆ కళాశాలలోనే విద్యుచ్ఛాస్త్రము చదివి 1943లో పట్టము పొంది, భారతదేశమున మొదటి మహిళా ఇంజనీరుగ పేరొందినది. అచ్చువేసిన పట్టాకాగితములో “అతడు” అని యుండగా కొట్టివేసి “ఆమె” అని చేతితో వ్రాయవలసివచ్చినది! భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్తు పనిలో పాలుగొనినది. 1964 జూనులో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సదస్సునకు మన దేశము నుండి పోయి కూర్చున్నది. 1979లో ఆమె గతించినది. సభలో ఆమెకు స్థానము దొరకుటకు వెనుక, చదువు మానిపింపని తండ్రి యొకడును, బిడ్డను చూచుకొనిన యిల్లొకటియు నుండినవని మరువరాదు.

పిఎచ్.డి. సమర్పించుటకు ముందు పత్రికలో నొక వ్యాసమును, సదస్సులలో రెండు ప్రసంగములును ఉండవలెనని గ్రాంటుల సంఘము 2016లో దేశమంతటికి పెట్టిన నియమమును 2022లో తొలగించినది. ఆయా విశ్వవిద్యాలయములు తమ నియమములు తాము పెట్టుకొనవచ్చును. నిర్బంధము తగ్గినందున లెక్కకొరకు వ్రాయు పేపర్లు తగ్గి, చెప్పవలసినది గలవారే వ్రాయుదురేని అది మంచికే.

సోదరీమణులారా! మీ యింట నిట్టి పిల్ల యున్నచో ఆమెకు పాలుపళ్లు పెట్టుటతో మీ పని తీరలేదు. సదస్సులో చెప్పుటకు పది పదునైదు నిమిషములే యిత్తురు. ఆ ప్రసంగమును ముందుగ ఇంటిలో తెలుగున చెప్పించుకొనుడు. ఏమి యడిగినది, ఏమి చూచినది, ఏమి తేలినది — ఈ మూడును వంటయింటి గడపలో కూర్చున్న అమ్మమ్మకు బోధపడినచో సభకు బోధపడును. పిల్ల యొకనాడు దిగులుగ వచ్చి, “మరల ఇరువదియెనిమిది దినములు పట్టును” అన్నచో, ఎందుకని గద్దింపకుడు. ఆమె ఏ యంకెను దిద్దకుండ వచ్చినదో తెలిసికొనుడు. ఆ ఇరువదియెనిమిది దినములు ఇల్లు ఆమెకు ఈయవలసినవే.